రెండంతస్తుల మధ్య రెండో సగం

ఒక లిఫ్టు మెకానిక్ తన సొంత అక్కనీ, బావనీ, వాళ్లతో పాటు ఒక మందుల షాపాయననీ లిఫ్టులో పెట్టి, రెండంతస్తుల మధ్య దాన్ని ఆపేసి, పైన ఫుట్‌బాల్ ఫైనల్ రెండో సగం నింపాదిగా ఆడించుకున్నాడు.

సరే, మరీ అంత ఘోరంగా చెప్పకూడదు. లిఫ్టును ఆయన ఆపలేదు, దానంతట అదే ఆగింది. అందులోకి వాళ్లను ఎవరూ తోయలేదు, వాళ్లే ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. ఆయన చేసిందల్లా చెప్పాల్సిన ఒకే ఒక్క వాక్యాన్ని కాస్త ఆలస్యంగా చెప్పడం. ఆ కాస్త ఎంత అన్నదే అసలు గొడవ.

మెకానిక్ నెమ్మదస్తుడు. పాత భవనాల్లో, చేత్తో లాగి మూసే ఇనప జాలీ గేటున్న లిఫ్టులన్నిటికీ ఆయనే దిక్కు. లోపల ఇరుక్కుని గగ్గోలు పెట్టేవాళ్లతో ఫోనులో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఒకే అంతస్తులో ఆగిపోయింది. ఎవరెంత అరిచినా అడిగేది ఒకటే. "ఫ్యాన్ తిరుగుతోందా? లైటు వెలుగుతోందా? అయితే ఏం పర్లేదు, కంగారు పడకండి." పెళ్లాం పోట్లాటకు దిగినప్పుడు కూడా ఓసారి అలవాటు కొద్దీ ఇదే అడిగాడట. ఆవిడ ఆ పూట వంట చెయ్యలేదు.

అలాంటి మనిషికి ఫుట్‌బాల్ పిచ్చి ఎలా అంటుకుందంటే, లిఫ్టు వల్లే. మార్కెట్ భవనం పైకప్పు మీద ఎవరో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ, పైనా వల కట్టి, చిన్న మైదానం చేశారు. కింది అంతస్తుల్లో బట్టల కొట్లు, ప్లాస్టిక్ బకెట్లు, బొత్తాలూ జిప్పులూ అమ్మే దుకాణాలు. లిఫ్టు మోటారు గది పైకప్పు మీదే, సరిగ్గా గోలు పక్కన ఉంది. ఒకరోజు మోటారుకు నూనె వెయ్యడానికి వెళ్లి, ఆడపిల్లలు దిక్కూ దివాణం లేకుండా బంతి తన్నుకుంటుంటే చూశాడు. చూసి దిగిపోతే బాగుండేది. "అమ్మాయ్, చేతులు అలా కాదు, ఇలా పెట్టాలి" అని నోరు జారాడు. మరుసటి వారానికల్లా ఆయన జట్టు కోచ్. ఆయన మనశ్శాంతి ఆ రోజే మెట్లు దిగి వెళ్లిపోయింది.

జట్టుకు ఇద్దరు గోల్‌కీపర్లు. ఒకతె ఆయన మేనకోడలు. బంతి ఎటు నుంచి వచ్చినా దాని చేతులకు అతుక్కుపోతుంది కాబట్టి అందరూ దాన్ని జిగురు అంటారు. రెండో పిల్ల మందుల షాపాయన కూతురు. ఆ పిల్ల బంతి పట్టుకుంటే పట్టుకున్నట్టుండదు, ఆకాశంలోకి పావురాన్ని వదిలినట్టుంటుంది. అందుకని పావురం. ఆ పేరు పెట్టింది జిగురే. పావురానికి కోపమేమీ రాలేదు. గ్లవ్స్ మీద పెన్నుతో రెక్కలు కూడా వేసుకుంది. ఇద్దరూ ప్రాణ స్నేహితులు. ఈ సంగతి వాళ్లిళ్లలో తప్ప ఊరంతా తెలుసు.

మెకానిక్ మొదట సులువైన లెక్క వేశాడు. మొదటి సగం ఒకరు, రెండో సగం ఒకరు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? ఆయనలా అనుకుని సంతోషంగా ఉన్నది ఒక్క మ్యాచే.

"ఒరేయ్ తమ్ముడూ," అంది అక్క. ఆవిడ బ్యాంకులో అద్దం వెనక కూర్చుంటుంది. జనాన్ని వరసలో నిలబెట్టీ నిలబెట్టీ, ఇంట్లో కూడా ఎవరూ వరస తప్పితే ఊరుకోదు. "ఫస్ట్ హాఫ్‌లో ఎండ సూటిగా కళ్లలోకి కొడుతోంది. ఆ హాఫ్ నా కూతురికే ఎందుకిచ్చావు?"

సరేనని మరుసటి మ్యాచ్‌కి తారుమారు చేశాడు. ఈసారి మందుల షాపాయన వచ్చి, జ్వరం మాత్ర ఎలా వేసుకోవాలో చెప్పేంత ఓపిగ్గా మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మీరు పెద్దవారు, నేను చెప్పకూడదు. ఫస్ట్ హాఫ్‌లో అవతలి జట్టు అప్పుడే వచ్చి మంచి ఊపు మీదుంటుంది. సెకండ్ హాఫ్‌కి నాలుకలు బయటపెడుతుంది. అలిసిపోయినవాళ్ల ముందు మీ మేనకోడలూ, కొదమ సింహాల ముందు మా అమ్మాయీనా?"

"సింహాలేంటండీ బాబూ, వాళ్లూ మన పిల్లల ఈడువాళ్లే!"

"మీరలాగే అంటారు. మేనమామ కదా."

మెకానిక్ ఆ మాటకు నిలువునా ఉడికిపోయాడు. సగాలు మానేసి, ఒక మ్యాచ్ ఒకరు, ఇంకో మ్యాచ్ ఇంకొకరు అన్నాడు. దాంతో కొత్త పంచాయితీ మొదలైంది. మా పిల్లకు గట్టి జట్టు తగిలింది, వాళ్ల పిల్లకు చచ్చు జట్టు తగిలింది. ఏ జట్టు గట్టిదో మ్యాచ్ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. అయ్యాక అందరికీ ముందే తెలుసు.

విసిగి వేసారి ఇంకో నిబంధన పెట్టాడు. గోలు పడితే మార్పు. ఎవరి చేతి మీదుగా గోలు పడిందో వాళ్లు బయటికి, రెండోవాళ్లు లోపలికి. ఎండా గాలీ సింహాలూ ఏవీ ఇందులో వేలు పెట్టలేవు. ఆ రాత్రి మెకానిక్ హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి మ్యాచ్‌లో పావురం గోలులో నిలబడింది. అవతలి జట్టు పిల్ల బంతితో దూసుకొచ్చింది. అప్పుడు గీత పక్క నుంచి ఒక గొంతు వినబడింది. "కొట్టమ్మా! ఎడమ పక్క ఖాళీ! కొట్టు కొట్టు!" మెకానిక్ తల తిప్పి చూస్తే, అరుస్తున్నది సాక్షాత్తూ బావ. కళ్లద్దాల కొట్టు నడుపుకుంటూ, ఎదుటివాడు ఏ అక్షరం చదవలేకపోయినా "పర్లేదండీ, పర్లేదండీ" అనే మెత్తటి మనిషి. పావురానికి గోలు పడితే తన కూతురు లోపలికి వెళుతుందని అవతలి జట్టుకు దారి చూపిస్తున్నాడు! గోలు పడింది. జిగురు లోపలికి వెళ్లింది. వెళ్లిన మరుక్షణం మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "పాపా, కుడి పక్క! కుడి పక్కన చూడు తల్లీ!"

ఆ రోజు అవతలి కోచ్ వచ్చి మెకానిక్ చెయ్యి పట్టుకుని ఊపుతూ అన్నాడు. "మీ వాళ్లంత మంచి ప్రేక్షకుల్ని నేనెక్కడా చూళ్లేదండీ. మా పిల్లల్ని ఎంత బాగా ప్రోత్సహించారో!"

మెకానిక్ ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. పెళ్లాం గాభరాగా వచ్చింది.

"ఏమైంది? ఎవరైనా లిఫ్టులో ఇరుక్కున్నారా?"

"నేనే," అన్నాడు.

తర్వాతి ప్రాక్టీసు రోజు అందర్నీ పైకప్పు మీద నిలబెట్టి తెగేసి చెప్పాడు. మళ్లీ సగం సగమే. ముందు ఎవరో, వెనక ఎవరో మ్యాచ్ ముందు పైసా ఎగరేసి తేలుస్తాను. గెలుస్తున్నా ఓడుతున్నా మార్పు మార్పే. ఇక నుంచి నాకు ఎవరూ ఏమీ చెప్పొద్దు. అందరూ ముఖాలు మాడ్చుకున్నారు. అప్పుడు వెనక నుంచి పావురం చెయ్యెత్తింది.

"సర్, ఫైనల్ కూడా మ్యాచేనా?"

అందరూ ఘొల్లుమన్నారు. అప్పటికి జట్టు పోటీల పట్టికలో అడుగున ఉంది. ఫైనల్ అన్న మాట వాళ్ల నోట వినడమే వింత. ఒక్క మెకానిక్ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల సరదాకి అడగలేదని ఆయనకు తెలుసు. ముందు వారమే చెప్పింది. "మా నాన్న అంటున్నారు సర్, ముఖ్యమైన మ్యాచ్‌లో నిన్ను బెంచీ మీద కూర్చోబెడితే ఇక పంపను అని. కూర్చోడానికే అయితే షాపులో బోలెడు స్టూళ్లున్నాయి అని."

"ఫైనల్ కూడా మ్యాచే," అన్నాడు మెకానిక్. "మాటిస్తున్నా."

ఇక్కడే ఆయన కొంప మునిగింది. ఎందుకంటే ఆ జట్టు నిజంగానే ఫైనల్‌కి చేరింది. ఎలా చేరిందో ఆ పిల్లలకే తెలియాలి. జిగురు తన సగాల్లో గోడలా నిలబడింది. పావురం తన సగాల్లో గుండెలు అదరగొడుతూ నెట్టుకొచ్చింది. ముందువరస పిల్లలు పావురం వదిలినవాటికన్నా ఒక గోలు ఎక్కువే వేసుకొచ్చారు.

ఫైనల్ కూడా ఆ పైకప్పు మీదే. పైసా ఎగరేస్తే మొదటి సగం జిగురుకి వచ్చింది. ఆ పిల్ల ఆ రోజు ఆడిన ఆట ఏం చెప్పాలి! నేల మీద జారుకుంటూ వచ్చిన బంతినీ పట్టింది, నెత్తి మీదుగా పోయేదాన్నీ పట్టింది, తన వాళ్ల కాళ్లకు తగిలి దారి మార్చుకున్నదాన్నీ పట్టింది. విరామం ఈల మోగేసరికి మన జట్టు ఒక గోలు ముందుంది. మెకానిక్ ఒంటిమీద చెమట ఆరకముందే అక్కా బావా ఎడమ నుంచీ, మందుల షాపాయన కుడి నుంచీ వచ్చి మీద పడ్డారు.

"దాన్ని ఇప్పుడు తీశావంటే నీకు మతిపోయినట్టే," అంది అక్క. "గెలిచే పిల్లని బయట కూర్చోబెడతావా? మిగతా పిల్లల ఉసురు తగలదూ?"

"మాటంటే మాటే మాస్టారూ," అన్నాడు మందుల షాపాయన. "అందరి ముందూ అన్నారు. నేనూ ఉన్నాను."

"మీ అమ్మాయి వల్ల కప్పు పోతే ఎవరండీ జవాబుదారీ?"

"మీ అమ్మాయి సెమీఫైనల్లో వదిలింది మర్చిపోయారా అమ్మా?"

"అది దాని తప్పా? అది దాని తప్పా ఏమండీ? చెప్పండి!" అని అక్క మొగుడి మోచెయ్యి గుంజింది. బావ "పర్లేదు, పర్లేదు" అన్నాడు. ఎవరికి పర్లేదో ఎవరికీ అర్థం కాలేదు.

మెకానిక్‌కి తల తీసుకెళ్లి మోటారు గది తలుపుకేసి కొట్టుకోవాలనిపించింది. మామూలు గొంతుతోనే అన్నాడు. "అక్కా, మీరు ముగ్గురూ కిందికెళ్లి టీ తాగి రండి. వచ్చాక చెబుతాను. మీరిక్కడుంటే నాకు బుర్ర పని చెయ్యదు."

వాళ్లు పోట్లాడుకుంటూనే దిగారు, పోట్లాడుకుంటూనే టీ తాగారు, పోట్లాడుకుంటూనే మళ్లీ లిఫ్టెక్కారు. ఎక్కాక, మొహం మొహం చూసుకోవడం ఇష్టంలేక, బావ గేటుకి చేరగిలబడి నిలుచున్నాడు.

ఆ పాత లిఫ్టుకి ఒక గుణముంది. కదులుతుండగా గేటు వేలెడంత తెరుచుకున్నా చాలు, ఉన్నచోటే ఆగిపోతుంది. ప్రమాదమేమీ లేదు, అది దాని జాగ్రత్త. గేటును మళ్లీ గట్టిగా లాగి మూసి, బటన్ నొక్కితే బుద్ధిగా కదులుతుంది. బావ వీపు ఒత్తిడికి గేటు వేలెడంత జరిగింది. లిఫ్టు ఆగింది. జాలీలోంచి కింద ఒక అంతస్తు కప్పూ, పైన ఇంకో అంతస్తు నేలా కనిపిస్తున్నాయి.

పైన రిఫరీ ఈల ఊదడానికి సిద్ధంగా ఉన్నాడు. మెకానిక్ జేబులో ఫోను మోగింది.

"ఒరేయ్! లిఫ్టు ఆగిపోయిందిరా!"

"ఫ్యాన్ తిరుగుతోందా అక్కా?"

"తిరుగుతోంది."

"లైటు?"

"వెలుగుతోంది. అయితే ఏంటి? వచ్చి తియ్యి!"

"అయితే ఏం పర్లేదు. కంగారు పడకు."

సంగతేమిటో ఆయనకు ఇట్టే తెలిసిపోయింది. ఆ లిఫ్టు జబ్బులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. గేటు గట్టిగా మూసి బటన్ నొక్కు అని చెబితే చాలు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఫోనులో అక్క అంది.

"చూడు, నేను పైకొచ్చేసరికి నా కూతురు గోలులో లేదో, ఇక జన్మలో మా గడప తొక్కకు!"

దాని వెనకే మందుల షాపాయన గొంతు. "మాట తప్పితే రేపట్నుంచి మా పాప రాదు మాస్టారూ! వినబడుతోందా?"

తెరిచిన నోరు మెకానిక్ మూసేశాడు. ఫోను కట్ చెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు. గీత దగ్గర గ్లవ్స్ తొడుక్కుని, అడుగుదామా వద్దా అన్నట్టు ఆయన ముఖంలోకి చూస్తూ నిలుచుంది పావురం.

"వెళ్లమ్మా," అన్నాడు.

జిగురు బయటికి వస్తూ గొణిగింది. "మావయ్యా, అమ్మ చంపేస్తుంది."

"నిన్ను కాదులే, నన్ను. కూర్చో. నీళ్లు తాగు."

రెండో సగం మొదలైంది. మెకానిక్ జేబు మాట్లాడుతూనే ఉంది. "ఆ అరుపేంట్రా? మనవాళ్లా, వాళ్లా?" "కాస్త ఆ మోచెయ్యి తీస్తారా ఏవండీ?" "ఇది మీ మోచెయ్యమ్మా." "ఎవర్రా గోలులో ఉంది? చెప్పి చావు!"

పావురం ఎవరినీ నిరాశపరచలేదు. ఒడిలోకి వచ్చిపడిన బంతిని చక్కగా అందుకుని, అంతే చక్కగా వదిలేసింది. అది కాళ్ల మధ్యనుంచి దొర్లుకుంటూ వెళ్లి గీత దాటింది. స్కోరు సమం. జిగురు బెంచీ మీద తల పట్టుకుంది. అవతలి జట్టువాళ్ల కేకలకు జేబు "ఏమైంది? ఏమైంది?" అని గింజుకుంది. మెకానిక్ జేబు మీద చెయ్యేసి నొక్కిపట్టుకున్నాడు, గుక్కపెట్టి ఏడ్చే పిల్లాడి నోరు మూసినట్టు.

కప్పు పోతోందని ఆయనకు అర్థమైంది. జిగురును మళ్లీ పంపితే నిలుస్తుందేమో. అడిగేవాళ్లు లిఫ్టులో ఉన్నారు, ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. పావురం ఒక్కసారి ఇటు చూసింది. తీసేస్తారా అన్న చూపు. మెకానిక్ మోటారు గది వైపు తిరిగి నిలబడ్డాడు. ఆట చూడలేదు, పిలవలేదు.

తర్వాత జరిగింది జనం అరిచారు కాబట్టి విన్నాడు. అవతలి పిల్ల ఒంటరిగా బంతితో వచ్చేస్తుంటే, పావురం గోలు వదిలి ముందుకు పరుగెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా బంతికి అడ్డం వేసేసింది. బంతి మోకాలికి తగిలిందో, గడ్డానికి తగిలిందో ఆ పిల్లకే తెలియదు. లోపలికి మాత్రం వెళ్లలేదు. ఆ తర్వాత ఈల. సమంగా ముగిసింది.

అప్పుడు మెకానిక్ ఫోను తీసి, మామూలు గొంతుతో అన్నాడు.

"అక్కా, గేటు గట్టిగా మూసి బటన్ నొక్కు."

లిఫ్టు కదిలింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ పైకప్పు మీదికి వచ్చేసరికి రిఫరీ చెబుతున్నాడు. "ఇక పెనాల్టీలు. గోలులో ఎవరుంటారు?"

మెకానిక్ మళ్లీ లెక్కలో పడ్డాడు. పెనాల్టీలు ఏ సగంలోకి వస్తాయి? మొదటిదాంట్లోకా, రెండోదాంట్లోకా? ఇన్నాళ్లూ ఎండనీ సింహాలనీ తూచినవాడు దీన్ని మాత్రం తూచలేదు. ఇక మళ్లీ మొదలు అనుకుని కళ్లు మూసుకున్నాడు. మొదలు కాలేదు. కళ్లు తెరిచాడు.

"మీ పిల్లే ఉండాలండీ అన్నయ్యగారూ," అంటోంది అక్క, ఎన్నడూ లేని మెత్తదనంతో. "రెండో హాఫ్ అంతా ఆడింది కదా, మంచి ఊపు మీదుంది."

"అబ్బే, భలేవారమ్మా! ఇలాంటి సమయంలో మీ జిగురే ఉండాలి. దాని చేతులు చేతులా?"

"లేదు లేదు, మీ పావురమే."

కప్పు పోతే ఎవరి పిల్ల చేతిలోంచి పోవాలో ఇద్దరికీ ఇప్పుడు బాగా అర్థమైంది. ఇన్నాళ్లూ నిమిషాల కోసం జుట్లు పీక్కున్నవాళ్లు ఇప్పుడు మర్యాదలతో చంపుకుంటున్నారు. మెకానిక్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సరే, పిల్లలనే అడుగుదామని తిరిగాడు.

"నాకొద్దు మావయ్యా. దాన్ని పెట్టు," అంది జిగురు.

"నాకూ వద్దు సర్," అంది పావురం. "అయినా గ్లవ్స్ తడిసిపోయాయి, ఇప్పుడు విప్పితే మళ్లీ ఎక్కవు." కాసేపు ఆలోచించి, విసుక్కుంటూ, "సరే, నేనే ఉంటాలెండి," అని వెళ్లి నిలబడింది.

రెండు బంతులు ఆ పిల్లని దాటి వెళ్లిపోయాయి. మూడోది సూటిగా పొట్ట మీదికి వచ్చింది. పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. రిఫరీ వచ్చి "ఇవ్వమ్మా" అన్నా ఇవ్వలేదు, రెండు చేతులా గుండెకు హత్తుకుని అలాగే నిలుచుంది. చివరికి జిగురు పరుగెత్తుకెళ్లి, "ఒసేయ్, ఆట ఇంకా అవలేదే!" అని వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసింది.

అయినా కప్పు రాలేదు. మన జట్టులో అందరికన్నా గట్టిగా తన్నే పిల్ల చివరి పెనాల్టీని అంతే గట్టిగా తన్నింది. బంతి పైన కట్టిన వలలో ఎప్పట్నుంచో ఉన్న చిరుగులోంచి దూరి, కింద వీధిలో బకెట్ల దుకాణం ముందు పడింది. కోచ్ ముందే ఆ వల కుట్టించి ఉండాల్సిందని అక్కా, మందుల షాపాయనా ఏకాభిప్రాయానికి వచ్చారు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలవడం అదే మొదటిసారి.

పావురం తర్వాతి ప్రాక్టీసుకి అందరికన్నా ముందు వచ్చింది. అక్క చాలాకాలం తమ్ముడితో మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా జిగురు చేత చెప్పించేది. జిగురు సగం చెప్పేది, సగం మింగేసేది. తన వాటా అంతే అనేది.

ఈ కథ ఆయన ఎదురుగా చెప్పినప్పుడల్లా మెకానిక్ చేతిలో పనాపి చివరిదాకా వింటాడు. అక్క గురించి అన్నా ఊరుకుంటాడు. బావ గురించి అన్నా ఊరుకుంటాడు. కావాలనే చెప్పలేదన్న మాటకు కూడా చలించడు. అంతా అయ్యాక స్క్రూడ్రైవరు మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు.

"మొత్తం అబద్ధం," అంటాడు. "మ్యాచ్ లేదు, ఫైనల్ లేదు, ఏమీ లేదు. నేను చూసుకునే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగడమేంటండీ? అది ఇంతవరకూ ఆగలేదు."